చక్రాల ఇంటికి పత్తా ఏది?

విద్యార్థి సంఘం వాళ్ళు ఈ ఏటి సంచికకు ఏదైనా రాసి ఇమ్మన్నారు. "గల్ఫ్ అనుభవాలు రాయండి సార్" అన్నాడు కార్యదర్శి. కరీంనగర్ వాళ్ళకు గల్ఫ్ గురించి కొత్తగా చెప్పడమంటే గోదావరి ఒడ్డున ఉన్నవాళ్ళకు నీళ్ళ గురించి చెప్పడమే. ధర్మపురి నుండి సిరిసిల్ల దాకా ఏ వాడకట్టులో అడిగినా 'దుబాయి' పోయి వచ్చిన ఇల్లు ఒకటి చూపిస్తారు. పోయింది మస్కట్‌కైనా రియాద్‌కైనా మనవాళ్ళకు అంతా దుబాయే. అందుకని అన్నేండ్ల అనుభవాలన్నీ ఏకరువు పెట్టకుండా ఒకే ఒక చలికాలం గురించి రాస్తాను. అది నేను ఎడారిలో, చక్రాల మీద నిలబడ్డ ఒక రేకు ఇంట్లో గడిపిన చలికాలం.

ఇప్పుడు ఈ చక్రాల ఇండ్ల మీద యువతరానికి మోజు పెరిగింది. మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ వాహనంలోనే పెట్టుకొని ఊరూరు తిరగడం గొప్ప సరదా అంటున్నారు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో క్వార్ట్‌జైట్ అని ఒక చిన్న ఎడారి ఊరుంది. అక్కడ స్థిరంగా ఉండే జనం రెండు మూడు వేలే. కాని చలికాలం రాగానే ఉత్తరాది రాష్ట్రాల నుండీ కెనడా నుండీ ఉద్యోగ విరమణ చేసిన పెద్దవాళ్ళు వేలాదిగా తమ చక్రాల ఇండ్లు తోలుకొని వచ్చి ఆ ఎడారిలో దిగుతారు. అక్కడి ప్రభుత్వ భూముల శాఖ 1983 నుండి దీనికి ఒక పద్ధతి పెట్టింది. సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి రుసుము తీసుకొని అనుమతి ఇస్తుంది. పగలు నులివెచ్చని ఎండ, రాత్రి మంట చుట్టూ కుర్చీలు, కబుర్లు. ఎండలు ముదరకముందే బండి మళ్ళించుకొని ఎవరింటికి వారు పోతారు.

వినడానికి హాయిగానే ఉంది. నేనూ అట్లాంటి ఇంట్లోనే, అట్లాంటి ఊరి పక్కనే ఉన్నాను. ఇంటి తాళం చెవి మాత్రం నా చేతిలో లేదు.

1987 నవంబరు నుండి 1988 మార్చి దాకా నేనున్న ఊరి పేరు రఫ్‌హా. సౌదీ అరేబియా ఉత్తరపు కొసన, ఇరాక్ సరిహద్దుకు దగ్గర. ఆ ఊరి పుట్టుకే ఒక వింత. మన ఊళ్ళు చెరువు కట్ట కింద పుట్టాయి. ఆ ఊరు పైపు పక్కన పుట్టింది. 1947 నుండి 1950 దాకా అమెరికా కంపెనీలు సౌదీ చమురును మధ్యధరా సముద్రానికి చేర్చడానికి 'టాప్‌లైన్' అనే పెద్ద గొట్టం వేశాయి. ఖైసూమా నుండి లెబనాన్‌లోని సిడాన్ రేవు దాకా పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం చమురు తనంతట తాను పారదు కదా, మధ్య మధ్య పంపులు కావాలి. సౌదీ నేల మీద ఖైసూమా, రఫ్‌హా, బదనా, తురైఫ్‌లలో పంపింగు స్టేషన్లు పెట్టారు. పనివాళ్ళ కోసం బోర్లు వేస్తే నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళ కోసం ఒంటెలను తోలుకొని బదూలు వచ్చారు. బదూలు అంటే అక్కడి సంచార జాతి. వాళ్ళ కోసం దుకాణాలు, ఆ తర్వాత బడి, పోలీసు ఠాణా వచ్చాయి. నాలుగు స్టేషన్ల దగ్గరా నాలుగు ఊళ్ళు లేచాయి.

నేను పోయేనాటికి చమురు సిడాన్ దాకా పోవడం ఆగిపోయి, జోర్డాన్ వరకే పోతుండేది. 1990 గల్ఫ్ సంక్షోభంతో అదీ ఆగింది. కాని గొట్టం వెంట వేసిన రోడ్డు మాత్రం బతికే ఉంది. మా కంపెనీ పని ఆ రోడ్డు మరమ్మతు.

ఆ దారికి ఇంకా పాత చరిత్ర కూడా ఉంది. బాగ్దాద్ ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబైదా, హజ్ యాత్రికుల కోసం కూఫా నుండి మక్కా దాకా బాట పొడుగునా బావులు, నీటి తొట్లు కట్టించిందట. ఆమె పేరు మీదనే దానిని 'దర్బ్ జుబైదా' అంటారు. రఫ్‌హా చుట్టుపక్కల ఎడారిలో ఆ రాతి తొట్లు ఇప్పటికీ కనబడతాయి. ఒక శుక్రవారం పోయి చూశాను. వాన నీళ్ళు అడుగున నిలిచి ఉన్నాయి. మన ఎలగందుల ఖిల్లాలో రాళ్ళ మధ్య నిలిచిన నీళ్ళు గుర్తుకొచ్చాయి. ఆ నేల మీద దారిన పోయినవాళ్ళే గాని ఆగినవాళ్ళు తక్కువ.

* * *

ఇక మా ఇల్లు. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో వరుసగా అయిదు 'కారవాన్'లు. మాది మూడోది. ఇరవై అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు రేకు పెట్టె. లోపల ప్లైవుడ్ గోడలు, రెండు పక్కలా కింద ఒకటి పైన ఒకటి మంచాలు, ఒక కొసన గ్యాసు పొయ్యి. కిటికీలు రెండు. కింద నాలుగు టైర్లుండేవి గాని రెండింట్లో గాలి లేదు. బరువంతా ఇనుప జాకీల మీద, కట్టె దిమ్మెల మీద. రోడ్డు పని ముందుకు పోయినప్పుడల్లా గ్రేడర్‌కు గొలుసు కట్టి ఇంటిని ఈడ్చుకుపోయేవాళ్ళు. ఆ పొద్దు అద్దం దించాలి, గిన్నెలు మూట కట్టాలి, పప్పు డబ్బా మూత బిగించాలి. ఇంత చేసినా కొత్త చోట తలుపు తీస్తే నేల మీద కందిపప్పు పరుచుకొని ఉండేది.

నీళ్ళు లారీ ట్యాంకరులో వచ్చేవి. దానిని అక్కడ 'వైట్' అంటారు. తొలినాళ్ళలో వచ్చిన ఆ రకం లారీలు వైట్ అనే అమెరికా కంపెనీవట. కంపెనీ పేరే బండికి పేరయింది. మన దగ్గర వనస్పతి నూనెనంతా డాల్డా అన్నట్టు.

ఇంట్లో నలుగురం. నేను టైం కీపర్‌ని. గ్రేడర్ నడిపే పెద్దాయనది పాకిస్తాన్‌లోని మర్దాన్. అందరం ఖాన్ చాచా అనేవాళ్ళం. మూడో మనిషి కేరళ ఎలక్ట్రీషియను. నాలుగో మనిషి లెక్కలు రాసే ఈజిప్టు గుమాస్తా. నా డిగ్రీ సర్టిఫికెట్ అక్కడ ట్రంకు పెట్టె అడుగున పడి ఉండేది. నన్ను నిలబెట్టింది కరీంనగర్ గల్లీలలో నేర్చిన ఉర్దూ. ఇది చదివే తమ్ముళ్ళకు నవ్వు రావచ్చు. కాని ఏ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో ఎవరికి తెలుసు? నా కెమిస్ట్రీ కూడా అక్కడ ఒక రోజు అక్కరకొచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఎడారి అంటే ఎండ అనుకుంటాం. అక్కడ ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు దాటుతుంది, నిజమే. కాని డిసెంబరు మొదటి వారం పోగానే 'మర్బానియ్యా' మొదలవుతుంది. నలభై రోజుల చలి అన్నమాట. దాని వెంట 'షబత్', ఇరవై ఆరు రోజులు. ఉత్తర గాలి ఇరాక్ దిక్కు నుండి సూటిగా వస్తుంది. పొద్దున లేస్తే బకెట్‌లో నీళ్ళు పైన గాజుపలకలాగా గడ్డకట్టి ఉండేవి. ఆదిలాబాద్ చలి ఎరిగినవాళ్ళకు చలి కొత్త కాదు. అయితే మన చలికి ఒక చెట్టు అడ్డం ఉంటుంది, గోడ ఉంటుంది, సలిమంట చుట్టూ పది మంది ఉంటారు. అక్కడి గాలికి అడ్డమే లేదు. రేకు పెట్టె పగలు పెనం, రాత్రి మంచుగడ్డ.

అందుకని కిరోసిన్ హీటర్ పెట్టుకునేవాళ్ళం. పడుకునే ముందు హీటర్ ఆర్పాలి, ఎంత గాలి కొట్టినా ఒక కిటికీ రెండు వేళ్ళ మందం తెరిచి ఉంచాలి. ఇది ఖాన్ చాచా పెట్టిన చట్టం. మేము మూసేస్తే లేచి మళ్ళీ తెరిచేవాడు. "దో ఉంగ్లీ, బేటా, దో ఉంగ్లీ" అని రెండు వేళ్ళు చూపించేవాడు. ఆయన ఏ బడికీ పోలేదు. కార్బన్ మోనాక్సైడ్ అన్న పేరు వినలేదు. మంచు కొండల దేశం మనిషి గనుక మూసిన గదిలో నిప్పు ఏం చేస్తుందో కండ్లారా చూసినవాడు.

* * *

అదే చలికాలం అక్కడివాళ్ళకు పండుగ. వానలు పడి నేల మీద సన్నగా పచ్చిక మొలుస్తుంది. పట్నాలలో బంగళాలున్న కుటుంబాలు కూడా ఎడారిలో గుడారాలు వేసుకొని వారాల తరబడి ఉంటాయి. తాతల నాటి బతుకును ఏడాదికోసారి గుర్తు చేసుకోవడం వాళ్ళకు మురిపెం. కాఫీ కాచుకుంటారు, మంట చుట్టూ కూర్చొని పాత కథలు చెప్పుకుంటారు. ఒంటి మీద గొర్రెతోలు అస్తరు వేసిన బరువైన 'ఫర్వా' ఉంటుంది. దారిన పోయేవాణ్ణి పిలిచి ఖర్జూరం, కాఫీ ఇవ్వనిదే పోనివ్వరు. ఆ మర్యాద నేను ఎన్నోసార్లు అనుభవించాను.

ఆ నేలలో ఒక రకం పుట్టకొక్కు దొరుకుతుంది. భూమి లోపలే ఉండి, ఆలుగడ్డలాగా ఊరి, పైన మట్టిని పగలగొడుతుంది. 'ఫగా' అంటారు. తొలి వానల్లో బాగా ఉరిమితేనే ఆ ఏడు ఫగా పుష్కలంగా వస్తుందని వాళ్ళ నమ్మకం. నాకు ఆశ్చర్యమేసింది. ఉరుములకు పుట్టకొక్కులు లేస్తాయని మా అవ్వ కూడా అనేది! సముద్రం అవతలి బదూ ముసలమ్మకూ జగిత్యాల దిక్కు మా అవ్వకూ ఈ ముక్క ఎవరు చెప్పారో!

ఈ గుడారాలకు కొంచెం ఎడంగా వేరే గుడారాలు ఉండేవి. అవి చినిగినవి. వాటి పక్కన ఒక నీళ్ళ ట్యాంకరు, చుట్టూ వందల గొర్రెలు. వాటిలో ఉండేది కాపరులు. సుడాన్ వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, మనవాళ్ళు. గొర్రెల యజమాని వారానికోసారి పికప్ బండిలో వచ్చి రొట్టెలు, బియ్యం, టీ పొడి దించి పోతాడు. మిగతా రోజులు మనిషికి గొర్రె తోడు, గొర్రెకు మనిషి తోడు.

ఒక శుక్రవారం దుకాణం ముందు నిలబడి మా కేరళ మిత్రుడికి ఏదో చెప్తూ, కాలికి రాయి తగిలి "అవ్వో!" అన్నాను. వెనక నుండి ఒక గొంతు.

"ఎవలు బిడ్డా? మనోనివేనా?"

తిరిగి చూస్తే నడివయసు మనిషి. తలకు అరబ్బుల రుమాలు, భుజాన మాత్రం నల్ల గొంగడి. అసలు సిసలు మన కురుమల గొంగడి. మల్యాల దిక్కు ఊరు ఆయనది. మేమిద్దరం అక్కడే కూలబడి పొద్దు గూకే దాకా మాట్లాడుకున్నాం. ఆ దినం నుండి ఆయన నాకు కాక, నేను ఆయనకు తమ్మి. వరుసలు కలవలేదని మీరు నవ్వొచ్చు. ఎడారిలో వరుసలు ఎవరు చూస్తారు?

కాకకు గొర్రెల పని కొత్త కాదు. మన కురుమలూ గొల్లలూ పంట కోతలయ్యాక మందలు తోలుకొని దూరదూరం పోతారు. రాత్రిళ్ళు రైతుల చెలకల్లో మంద పెడతారు. ఆ ఎరువుకు బదులు గింజలో పైసలో పుచ్చుకుంటారు. చలికి గొంగడే ఇల్లు. "గాడ గొంగడే, గీడ గొంగడే. గని గాడ పొద్దుగాల్ల రైతు లేపి అంబలి పోస్తడు తమ్మీ" అన్నాడు కాక. అంతే తేడా. ఆ అంతలోనే మొత్తం ఉంది.

ఊళ్ళో అప్పు చేసి, బొంబాయిలో ఏజెంటుకు కట్టి వచ్చాడు. తోటపని అన్నారు, గొర్రెల దగ్గర దించారు. నెలకు నాలుగు వందల రియాళ్ళు. అప్పట్లో ఒక రియాలుకు మూడున్నర రూపాయల దాకా వచ్చేది. లెక్క వేస్తే మన దగ్గర గుమాస్తా జీతమంత. అయితే అప్పటికి ఏడు నెలల జీతం బాకీ. పాస్‌పోర్టు యజమాని దగ్గర. ఆ యజమానిని దుర్మార్గుడు అనలేను. కాకకు జ్వరమొస్తే బండిలో వేసుకొని దవాఖానకు తీసుకుపోయిన మనిషే. "గొర్లు అమ్మినంక ఇస్త" అనేవాడు. మంచివాడి దయ మీద ఆధారపడినా, అది దయే. హక్కు కాదు. ఇది నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు, కాక మొహం చెప్పింది.

శుక్రవారాలు కాక మా కారవాన్‌కు వచ్చేవాడు. నేను ఉత్తరాలు రాసి పెట్టేవాణ్ణి. "మంచిగున్న అని రాయి తమ్మీ. జీతం సంగతి రాయకు. చలి సంగతి రాయకు." ఆ రెండూ తీసేస్తే రాయడానికి ఏముంటుంది? గొర్రెల సంగతి రాసేవాణ్ణి. ఎన్ని ఈనినయి, ఎన్ని కవలలు. భార్యకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ రోజుల్లో ఫోన్లు లేవు. ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది. చదువు రానివాళ్ళకు టేప్ రికార్డరే పోస్టు. సెలవు మీద ఊరికి పోయి వచ్చేవాళ్ళ చేత క్యాసెట్లు పంపించేవాళ్ళు. డిసెంబరు చివర కాకకు ఒక క్యాసెట్ వచ్చింది. ఖాన్ చాచా తన టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి, మర్యాదగా బయటికి పోబోయాడు. కాకే చేయి పట్టుకొని కూర్చోబెట్టాడు. ముందు కోడి కూత వినబడింది. తర్వాత ఎవరో దగ్గారు. "మాట్లాడు, మాట్లాడు, తిరుగుతున్నది" అని ఎవరో పోరగాడు తొందర పెట్టాడు. కాక భార్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బర్రె ఈనింది" అంది. వచ్చే నెల ఊరంతా మేడారం పోతున్నదని, ఆయన ఉంటే బండి కట్టుకొని పోదుమని చెప్పింది. బిడ్డకు సంబంధం వచ్చిందని, ఎప్పుడొస్తవని అడిగింది. ఒక పక్క అయిపోయింది. రెండో పక్క వేస్తే హిందీ సినిమా పాటలు. పాత క్యాసెట్ మీద రికార్డు చేశారు మరి.

ఖాన్ చాచాకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా కండ్లు తుడుచుకున్నాడు.

* * *

జనవరి చివరలో షబత్ చలి విరుచుకుపడింది. మూడు రోజులు గాలి ఆగలేదు. కాక మందలో ఇద్దరు కాపరులు. రెండో మనిషి సుడాన్ వాడు, పొడుగ్గా, నెమ్మదిగా ఉండేవాడు. కాకకు అరబ్బీ మాటలు నేర్పింది ఆయనే. ఆ వారం వాళ్ళకు కూడా యజమాని ఒక పాత కారవాన్ తెచ్చి ఇచ్చాడు, గుడారం గాలికి ఆగడం లేదని. ఒక విధంగా అది దయే. ఆ రాత్రి గొర్రెలు రెండు మూడు ఈనడానికి సిద్ధంగా ఉండటంతో కాక గొంగడి కప్పుకొని మంద మధ్యనే పడుకున్నాడు. సుడాన్ మనిషి ఇనుప పళ్ళెంలో బొగ్గులు రాజేసి, కారవాన్ లోపల పెట్టుకొని, తలుపూ కిటికీలూ బిగించుకొని పడుకున్నాడు.

తెల్లారి కాక టీ కోసం తలుపు కొడితే పలకలేదు.

మా దగ్గరికి పరుగెత్తుకొని వచ్చాడు. ఖాన్ చాచా, నేను, ఈజిప్టు గుమాస్తా పికప్‌లో పోయాం. లోపల ఏ కాలిన వాసనా లేదు, పొగ లేదు. మనిషి నిద్రపోయినట్టే ఉన్నాడు. కాక వణుకుతూ "దయ్యమా తమ్మీ?" అన్నాడు. కాదు కాకా అన్నాను. బొగ్గు పూర్తిగా కాలడానికి గాలి చాలనప్పుడు వెలువడే వాయువు అది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే పదార్థాన్ని అది ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్ల పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ఒంటికి మాత్రం అందదు. ఇదంతా క్లాసులో రాసుకున్నదే, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న. ఆ పొద్దు అది కాకకు తెలుగులో చెప్పాను. చెప్పి, అక్కడున్న మిగతా కాపరులకు ఉర్దూలో చెప్పాను. ఖాన్ చాచా నా పక్కన నిలబడి రెండు వేళ్ళు చూపించాడు. నా కెమిస్ట్రీ కంటే ఆ రెండు వేళ్ళే వాళ్ళకు ఎక్కువ గుర్తుండి ఉంటాయి.

పోలీసులు వచ్చారు, కాగితాలు రాసుకున్నారు. ఇంటికి కబురు పంపాలి. ఎక్కడికి? ఆ మనిషి పేరు ఇఖామా మీద ఉంది. దేశం ఉంది. ఊరు లేదు. రెండేండ్లు ఒకే గుడారంలో పడుకున్న కాకకు కూడా ఆ మనిషి ఊరి పేరు నోరు తిరగలేదు. చివరికి సామాన్లలో ఒక పాత కవరు దొరికింది. ఈజిప్టు గుమాస్తా దాని మీది వెనక చిరునామా చదివి, కస్సాలా దగ్గరి పల్లె అని చెప్పి, తానే కూర్చొని ఉత్తరం రాశాడు. ఆ కవరు గాలికి కొట్టుకుపోయి ఉంటే, సుడాన్‌లో ఒక ఇల్లు ఇంకా ఎన్నేండ్లు ఎదురుచూసేదో!

రఫ్‌హా శ్మశానంలో ఖననం జరిగింది. అక్కడ సమాధుల మీద పేర్లు రాయరు, అది వాళ్ళ ఆచారం. మట్టి కప్పి, ప్రార్థన చేసి తిరిగి వచ్చారు. కాక దూరంగా నిలబడి చూశాడు.

ఆ రాత్రి కాక మా దగ్గరే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. బాగా పొద్దుపోయాక అన్నాడు: "తమ్మీ, నా పత్తా రాయి."

"ఎక్కడ కాకా?"

"పెట్టె మీద. చెరిగిపోకుంట రాయి. పత్తా లేకుంట పోవద్దు."

మన దిక్కు 'పత్తా' అంటే చిరునామా. మనిషి జాడ తెలియకపోతే 'పత్తా లేడు' అంటాం. ఈ రెండు మాటలూ ఒకటేనని నాకు అంతవరకు తట్టలేదు.

రోడ్డు మీద కొలతల గుర్తులు పెట్టే ఎర్ర రంగు డబ్బా మా దగ్గర ఉండేది. కాక రేకు పెట్టె మూత లోపలి వైపు సన్న కుంచెతో రాశాను. పేరు, తండ్రి పేరు, ఊరు, పోస్టు. కాక 'తాలూకా' అన్నాడు. తాలూకాలు పోయి మండలాలు వచ్చి అప్పటికి మూడేండ్లు అవుతున్నది, కాని ఆయన ఊరు వదిలినప్పుడు మండలం పేరు ఇంకా నోట పడలేదు. రెండూ రాశాను. కింద కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్, ఇండియా. తెలుగులో, ఇంగ్లీషులో. గుమాస్తా లేచి వచ్చి దాని కిందనే అరబ్బీలో రాశాడు. రంగు ఆరేదాకా కాక మూత దించలేదు.

మరుసటి శుక్రవారం ఇంకో ఇద్దరు పెట్టెలు నెత్తి మీద పెట్టుకొని వచ్చారు. ఒకరిది నిర్మల్ దిక్కు, ఒకరిది మెట్‌పల్లి. తర్వాత పాకిస్తాన్ కాపరులు వచ్చారు, వాళ్ళకు ఖాన్ చాచా చెప్తుంటే నేను ఇంగ్లీషులో రాశాను. చలికాలం గడిచేలోపు పది పన్నెండు పెట్టెల మీద రాశాం. డబ్బాలో రంగు అడుగంటింది.

ఫిబ్రవరి మొదట్లో మేడారం జాతర రోజులు. అమ్మవార్లకు బెల్లం మొక్కుతాం, దానినే 'బంగారం' అంటాం కదా. రఫ్‌హాలో బెల్లం ఎక్కడ దొరుకుతుంది? కాక ఒక కిలో ఖర్జూరం కొని, తూర్పు దిక్కు మొక్కి, మా కారవాన్‌ల వరుస మొత్తానికి పంచాడు. ఖాన్ చాచా కూడా కండ్లకద్దుకొని తిన్నాడు, ఏ దేవుడిదని అడగలేదు.

శివరాత్రికి చలి శివ శివా అనుకుంటూ పోతుందని మనం అంటాం. అక్కడ పోతూ పోతూ ఒకసారి వెనక్కి తిరిగి కొరుకుతుంది. దానిని 'ముసలమ్మ చలి' అంటారు. అది కూడా పోయాక ఒక పొద్దున లారీలు వచ్చాయి. గొర్రెలను ఎక్కించుకొని వేరే మేతకు పోయాయి. కాక లారీ మీద గొర్రెల మధ్య కూర్చొని పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. మా కారవాన్‌ను కూడా గ్రేడర్‌కు కట్టి అరార్ దిక్కు ఈడ్చుకుపోయారు. తలుపు తీసి చూస్తే మళ్ళీ కందిపప్పు.

* * *

1989లో సెలవు మీద వచ్చినప్పుడు జగిత్యాల బస్టాండులో ఎండాకాలం కాక కనబడ్డాడు. అంత ఎండలో చంకలో ఆ ఫర్వా ఉంది, ఎవరికో చూపించడానికి తీసుకుపోతున్నాడట. బాకీ జీతంలో సగానికి ఎక్కువే చేతికొచ్చిందని, బిడ్డ పెండ్లి అయిందని చెప్పాడు. "పెట్టె తొవ్వ తప్పలే తమ్మీ, నేనూ తప్పలే" అన్నాడు. మళ్ళీ పోతావా అని అడిగితే జవాబు చెప్పకుండా టీ తెప్పించాడు.

క్వార్ట్‌జైట్ గురించి చెప్పాను కదా. ఆ ఊరి శ్మశానంలో ఒక చిన్న రాతి పిరమిడ్, దాని పైన లోహపు ఒంటె బొమ్మ ఉన్నాయి. అది హాజీ అలీ అనే ఒంటెల కాపరి సమాధి. 1856లో అమెరికా సైన్యం ఎడారిలో సామాను మోయించడానికి ఒంటెలను తెప్పించుకున్నప్పుడు, వాటి వెంట ఒట్టోమాన్ రాజ్యం నుండి వచ్చిన మనిషి. ఒంటెల ప్రయోగం విఫలమైంది. ఆయన అక్కడే ఉండిపోయి 1902లో కన్నుమూశాడు. అమెరికన్లకు పేరు పలకడం రాక 'హై జాలీ' అన్నారు. 1935లో ఆ స్మారకం కట్టారు. ఇప్పుడు చలికాలం గడపడానికి వచ్చే వాళ్ళు ఆ సమాధి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. ఒట్టోమాన్ రాజ్యం నుండి ఒంటెల వెంట అమెరికా ఎడారికి పోయినవాడు ఆయన. మన జిల్లా నుండి గొర్రెల వెంట అరబ్బు ఎడారికి పోయినవాడు కాక. పని కోసం పోయినవాళ్ళందరి కథా ఒకటే. ఆయన పేరు వంకరదైనా రాతి మీద మిగిలింది. ఎందరికి అది కూడా మిగలదు!

చక్రాల ఇల్లు సరదానా, శిక్షా అంటే అది చక్రాలలో లేదు. ఆ పెద్దవాళ్ళకు ఏప్రిల్ 15 ఉంది, తాళం చెవి ఉంది, తిరిగి పోవడానికి ఒక పత్తా ఉంది. ఎప్పుడు బయలుదేరాలో వాళ్ళ ఇష్టం. కాకకు చలి అదే, ఎడారి అదే, ఆకాశంలో చుక్కలు అవే. కాని తేదీ ఆయన చేతిలో లేదు.

ఇవన్నీ పాత ముచ్చట్లు, ఇప్పుడు అందరి చేతిలో ఫోన్లున్నాయి కదా అనవచ్చు. నిజమే, క్యాసెట్ల కాలం పోయింది. రఫ్‌హా పెద్ద ఊరయింది. కరీంనగర్ జిల్లా కూడా 2016లో నాలుగుగా విడిపోయి, ఆ పెట్టెల మీద రాసిన పత్తాలు పాతబడ్డాయి. కాని చలికాలం వస్తే మూసిన గదిలో బొగ్గులు రాజేసుకొని నిద్రలోనే పోయిన వలస కూలీల వార్తలు గల్ఫ్ నుండి ఇంకా వస్తూనే ఉన్నాయి. సౌదీ ప్రభుత్వం 2021 మార్చిలో యజమాని అనుమతి లేకుండానే పని మారడానికీ దేశం విడిచి రావడానికీ కొన్ని వెసులుబాట్లు ఇచ్చింది. అందులో ఇంటి పనివాళ్ళతో పాటు గొర్రెల కాపరులను, తోట పనివాళ్ళను చేర్చలేదు. మన రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల రూపాయల సాయం ప్రకటించింది. మంచిదే. చావు తర్వాత అందే సాయం కంటే బయలుదేరే ముందు చెప్పే మాట చవక.

విద్యార్థి మిత్రులారా, మీలో చాలామంది ఇండ్ల నుండి అన్నో బావో కాకో ఈ ఏడు కూడా విమానం ఎక్కుతారు. వీసా కాగితం అరబ్బీలో ఉంటుంది, దానిలో పని పేరు ఏం రాసి ఉందో చదివించి చెప్పండి. తోటపని అని రాసి ఉంటే తోటేనా అని అడగండి. పాస్‌పోర్టు నకలు ఒకటి ఇంట్లో పెట్టించండి. ప్రభుత్వ బీమా పాలసీ నంబరు ఆ నకలు మీదనే రాసిపెట్టండి. ఫోన్ పోతే నంబర్లన్నీ పోతాయి. అందుకని ఊరు, పోస్టు, మండలం, జిల్లా, ఒక ఫోన్ నంబరు పెట్టె మూత లోపల చెరిగిపోని రంగుతో మీ చేత్తోనే రాయండి. సైన్సు విద్యార్థులైతే కార్బన్ మోనాక్సైడ్ గురించి చెప్పండి. కాకపోతే రెండు వేళ్ళు చూపించండి, చాలు.